వార్డును బట్టి తలనొప్పి

మా తెలుగు ప్రార్థన కూటంలో జబ్బేమిటన్నది రోగిని బట్టి ఉండదు, చెప్పే ఆంటీ ఏ వార్డులో పనిచేస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. గోదావరి జిల్లాల నుంచి నర్సులుగా ఢిల్లీ వచ్చి, ఊరి పొలిమేర దాటగానే ఉన్న వైశాలిలో ఫ్లాట్లు కొనుక్కుని స్థిరపడ్డ ఆంటీలు వీళ్ళు. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో చేరి ముందు పాటలు పాడేవారు, తర్వాత ప్రార్థన చేసేవారు, టీ వచ్చాక ఉచితంగా వైద్యం చేసేవారు. రెండువేల దశకం చివర్లో, ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తలనొప్పి మొదలైనప్పుడు ఆ వైద్యమంతా నా ఒక్కదాని మీదే జరిగింది.

కళ్ళ వార్డు ఆంటీ చూడగానే తేల్చేసింది. "సైటొచ్చింది తల్లీ, అద్దాలు పెట్టించుకో." ముక్కూ చెవీ గొంతూ చూసే విభాగంలో పనిచేసే ఆంటీ నా బుగ్గ ఎముకలు నొక్కి సైనస్ అంది. నొక్కిన చోట నొప్పి లేదంటే, "లోపలుంటదిలే, నీకు తెలీదు" అంది. కడుపు జబ్బుల వార్డులో జీవితం గడిపిన ఆంటీకి లోకంలో ఉన్న బాధలన్నీ గ్యాసే. కాన్పుల వార్డు ఆంటీ మాత్రం నావైపు జాలిగా చూసి, "పెళ్ళైతే అదే పోద్దిలే" అని అమ్మతో అంది. నేను అద్దాలు పెట్టించుకున్నాను, ఆవిరి పట్టాను, జీలకర్ర నీళ్ళు తాగాను. ఇక పెళ్ళొక్కటే మిగిలింది.

అమ్మ ఒక్కతే ఏ పేరూ పెట్టలేదు. "ఏం లేదులే, పడుకో" అనేది. నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. అమ్మది మెదడు ఆపరేషన్ల వార్డు. ఎవరెవరి పిల్లలకో రాత్రింబవళ్ళు సేవ చేసే మనిషి కన్నకూతురికి "పడుకో" అనే మందు రాసిస్తే ఎవరికి మండదు? మంటతోపాటు భయం కూడా ఉండేది. చిన్నప్పటి నుంచి అమ్మ అన్నం కలుపుతూ చెప్పిన వార్డు కబుర్లన్నీ ఒకేలా మొదలయ్యేవి, ఫలానా పిల్లాడికి ముందు ఉత్తి తలనొప్పేనట అని. ఎలా ముగిసేవో చెప్పక్కర్లేదు. నాకు తలనొప్పి మొదలయ్యాక అమ్మ ఆ కబుర్లు మానేసింది. అలసిపోయి వస్తోంది కాబోలు అనుకున్నాను.

నాది నోయిడాలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అంటే ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. కంపెనీవాళ్ళు నన్ను నమ్మి ల్యాప్‌టాప్ ఇచ్చారు, అంటే ఇంటికెళ్ళాక కూడా పని చెయ్యమని మర్యాదగా చెప్పారు. ఇంట్లో టేబులూ కుర్చీ ఉన్నాయి. టేబుల్ మీద ఇస్త్రీ చేసిన బట్టలు, కుర్చీ మీద చెయ్యాల్సిన బట్టలు కాపురం ఉండేవి. అంచేత నేను మంచమెక్కి, మఠం వేసుకుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, బావిలోకి తొంగిచూసేదానిలా వంగి పనిచేసేదాన్ని. పని విసుగొస్తే తల అలాగే ఉంచి ఫోన్లో మెసేజీలు చూసుకునేదాన్ని. పక్కింటి పంజాబీ ఆంటీ, "మీ అమ్మాయి ఎంత వినయమో, తలెత్తి చూడదు" అని అమ్మ దగ్గర మెచ్చుకుంది కూడా. నొప్పి మెడ వెనక మొదలై, తల మీదుగా పాకి, కనుబొమ్మ పైకొచ్చి కూర్చునేది. మెడ దగ్గర మొదలవుతోందని నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మెడ వార్డు ఆంటీ మా కూటంలో లేదు మరి.

ఒక ఆదివారం కూటం మా ఇంట్లో పెట్టారు. ఆ రోజు ఏమీ తినబుద్ధి కాక, నొప్పి మాత్రలు మాత్రం మింగి కూర్చున్నాను. అప్పటికి నా నొప్పి తగ్గకపోవడం ఆంటీలకు పరువు సమస్య అయింది. మందులకు లొంగనిది ప్రార్థనకు లొంగుతుందని నన్ను మధ్యలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తల వంచమన్నారు. ఆ పని నాకు బాగా వచ్చు. నలుగురూ నా తల మీద చేతులుంచారు. రోగుల్ని ఎత్తీ దించీ గట్టిపడ్డ చేతులవి. గొంతులు పెరిగేకొద్దీ చేతుల బరువు కూడా పెరిగి నా గడ్డం గుండెకు ఆనుకుంది.

"నొప్పెక్కువైంది ఆంటీ" అన్నాను.

"అవునమ్మా, పోయే ముందు అలాగే గొడవ చేస్తది" అని ఇంకాస్త నొక్కారు.

లేచి బాత్రూంలోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. బయటికొచ్చేసరికి తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. తలనొప్పి తర్వాత వాంతి, అమ్మ వార్డు కబుర్లలో ఎప్పుడూ వరస అదే. ఆంటీలు టీ తాగకుండానే లేచి వెళ్ళిపోయారు. మా కూటం చరిత్రలో అలా ఎన్నడూ జరగలేదు.

మర్నాడు అమ్మ పనిచేసే ఆస్పత్రికి వెళుతుంటే ఆటోవాడు చుట్టూ తిప్పి తీసుకెళ్ళినా అమ్మ వాడితో పోట్లాడలేదు. నేను పుట్టాక అమ్మ ఒక ఆటోవాణ్ణి ఊరికే వదలడం అదే మొదటిసారి. నర్సు కూతుర్ని కాబట్టి స్కాన్ తొందరగానే తీశారు. ఆ యంత్రంలో పడుకుని, బతికి బయటపడితే కుర్చీ మీద బట్టలన్నీ మడతపెడతానని దేవుడికి మాటిచ్చాను.

డాక్టరు ఫిల్ములు వెలుతురుకు పెట్టి చూసి, "సబ్ ఠీక్ హై సిస్టర్, మెదడుకేం కాలేదు" అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "పనిచేసేటప్పుడు ఎలా కూర్చుంటావో చూపించు బేటా" అన్నాడు. పరీక్ష చేసే బల్లెక్కి, మఠం వేసుకుని, నా ఫైలు ఒళ్ళో పెట్టుకుని వంగాను. ఆయన పుర్రె కింద, మెడ మొదలయ్యే చోట వేలితో నొక్కాడు. నొప్పి తిన్నగా కనుబొమ్మ మీదకొచ్చింది, కెవ్వుమన్నాను. మెడ కండరాలు బిగుసుకుని ఆ నొప్పే తలలోకి వస్తోందని, వాంతి ఖాళీ కడుపున మింగిన మాత్రల వల్ల అయ్యుంటుందని చెప్పాడు. స్క్రీన్ కళ్ళ ఎత్తులో పెట్టుకుని, మధ్యమధ్య లేచి తిరిగి, రోజూ మెడకు వ్యాయామం చెయ్యాలట. నీ వయసు పిల్లలు ఇలా చాలామంది వస్తున్నారని కూడా అన్నాడు. ఇన్నాళ్ళ చావుభయానికి కారణం నాకు కూర్చోవడం రాకపోవడం అని తేలింది. రెండు డిగ్రీలున్నదాన్ని, కాస్త అవమానంగా కూడా అనిపించింది.

బయట బెంచీ మీద కూర్చున్నాం. ప్రాణం కుదుటపడగానే నాకు పాత కోపం గుర్తొచ్చింది. "ఆంటీలందరూ ఏదో ఒకటి చెప్పారు. నువ్వే పట్టించుకోలేదు" అన్నాను.



"ఎవరి వార్డు పేరు వాళ్ళు చెప్పేరు. నన్ను కూడా నా వార్డు పేరు చెప్పమంటావేంటే?" అంది అమ్మ. "మెదడులో ఏమన్నా ఉంటే కంటిపాపల్లో తెలుస్తదని, రోజూ నువ్వు నిద్దరోయాక రెప్పలెత్తి టార్చి వేసి చూసుకునేదాన్ని. స్కాన్ తీయిద్దామంటే, ఏం కనపడద్దోనని చేతకాలేదే నాకు."

అంతవరకు వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరి పిల్లలకేమైనా కళ్ళు తడవని మనిషి అలా ఏడుస్తుంటే నాకూ దుఃఖం ఆగలేదు. మొహం చేతుల్లో దాచుకుని ఏడుద్దామని వంగబోయాను. అమ్మ తన కళ్ళు తుడుచుకోవడం మాని నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"మెడ దించేవంటే చంపేస్తాను. నిటారుగా కూర్చుని ఏడువు" అంది.