బస్ షెల్టర్ అద్దంలో తెల్ల అట్ట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అనకాపల్లిలో ఎవరూ అద్దెకి దిగడానికి ఒప్పుకోని ఇంట్లో మేం మూడేళ్ళు ఉన్నాం. దాని వెనక గదిలో ఒక్కదాన్నే పడుకునేదాన్ని. ఏమీ కనబడలేదు. అందుకే ఈ సంగతి చెప్పినప్పుడు మా ఆయన నవ్వారు. వీడియో చూశాక నవ్వలేదు.

నేను కెనడాలో, విన్నిపెగ్‌లో బిజినెస్ డిప్లొమా చదువుతున్నాను. కమ్యూనికేషన్స్ క్లాసులో గ్రూప్ ప్రాజెక్టుగా ఐదు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయమన్నారు. మా గ్రూపులో నలుగురం, అందరం తెలుగువాళ్ళమే. కర్నూలు నుంచి సందీప్, విజయవాడ నుంచి నిఖిల, కరీంనగర్ నుంచి స్వప్న, నేను. వాళ్ళకి ఇరవై రెండో, ఇరవై మూడో. నాకు ముప్ఫై ఒకటి. ముగ్గురూ నన్ను అక్కా అనేవాళ్ళు.

కథ చిన్నది. ఇంటర్వ్యూకి బయలుదేరిన కుర్రాడు బస్ షెల్టర్‌లో కూర్చుని తనని తాను ఎలా పరిచయం చేసుకోవాలో ప్రాక్టీస్ చేస్తుంటాడు. మొదట్లో, చివర్లో వెనక నుంచి వినిపించే మాటలు నేను రాశాను. నేనే చదువుదామనుకున్నాను.

"అక్కా, నీ గొంతు వద్దు తియ్. రైల్వే అనౌన్స్‌మెంట్ లెక్క ఉంటది" అంది స్వప్న.

"అక్కా, మన బండి ఎన్నో ప్లాట్‌ఫారం?" అన్నాడు సందీప్. నిఖిల టేబుల్ మీద తల పెట్టుకుని నవ్వింది. లైబ్రరీ రెండో అంతస్తు, కిటికీ పక్క టేబుల్. అవతలి టేబుల్ వాళ్ళు కూడా మావైపు చూశారు. నా మాటలు నిఖిల చదివింది. నా చేతికి మైకు కట్టిన కర్ర ఇచ్చారు. స్వప్న ఆ మాట అనకుండా ఉండాల్సిందని నేను ఇప్పటికీ అంటాను.

షూటింగ్ శనివారం ఉదయం పదకొండింటికి. ఎండ, కుర్రాడి వేషం వేసే సందీప్ వెనక నుంచి వస్తుంది కాబట్టి, ఎదురుగా ఎవరైనా తెల్ల అట్ట పట్టుకుంటే వెలుగు దాని మీద పడి ముఖానికి తగులుతుంది. అది స్వప్న పని. అట్ట కొన్నదీ తనే. ఏ షాట్ ఎలా తీయాలో కాగితం మీద బొమ్మలు గీసి ఇచ్చిందీ తనే.

ఆ రోజు తను రాలేదు. జ్వరమని, రాలేనని, సారీ అని పొద్దున్నే గ్రూపులో మెసేజ్ పెట్టింది. అట్ట తన గదిలోనే ఉండిపోయింది. మైనస్ ఇరవై రెండు డిగ్రీల చలిలో ముగ్గురమే తీశాం. సందీప్ నటించాడు, నిఖిల ఫోన్‌తో తీసింది, నేను రెండు చేతులతో కర్ర పట్టుకున్నాను. రెండు గంటల్లో అక్కడికి మరో మనిషి రాలేదు.

ఇక్కడ గ్రూప్ ప్రాజెక్టు అయ్యాక ఒక్కొక్కరూ మిగతావాళ్ళ పనికి పదికి ఎన్ని మార్కులో రాసివ్వాలి. ఎవరేం రాశారో సార్‌కి తప్ప ఎవరికీ తెలియదు. స్వప్నకి నేను సున్నా వేశాను. ఏ పనీ చేయలేదని, చెప్పకుండా షూటింగ్ మానేసిందని రాశాను. మెసేజ్ నా ఫోన్‌లోనే ఉంది. ముగ్గురం ఒకేలా రాయకపోతే సార్ నమ్మరని మిగతా ఇద్దరికీ చెప్పింది నేనే. నిఖిల "పాపం కదక్కా" అంది. "చలిలో మనం పాపం కాదా?" అన్నాను. వాళ్ళూ సున్నాలే వేశారు.

మరుసటి వారం క్లాసులో ఫిల్మ్ వేశారు. నిఖిల ఫోన్‌లోనే ఎడిట్ చేసింది. పెద్ద తెర మీద చూడటం మా అందరికీ అదే మొదటిసారి. రెండో నిమిషంలో సార్ ఆపారు. ముఖం మీద వెలుగు బాగా వచ్చింది, అట్ట పట్టుకున్నది ఎవరని అడిగారు. సందీప్ పక్కనున్న షెల్టర్ అద్దంలో ఎర్ర ఉన్ని టోపీ పెట్టుకున్న మనిషి ప్రతిబింబం పడింది. ఛాతీ దాకా తెల్ల అట్ట పట్టుకుని ఉంది. ఆ టోపీ స్వప్నది.

అవును నేనే అని తను అంటే అయిపోయేది. స్వప్న తెరవైపు చూసి, తను ఆ రోజు రాలేదని, జ్వరంతో పడుకున్నానని సార్‌కి చెప్పింది. సార్ మావైపు చూశారు. దారిన పోయేవాళ్ళెవరో అయి ఉంటారని చెప్పాను. ఆయన తల ఊపి మళ్ళీ ఆన్ చేశారు.

తను నిజం చెప్పింది. దాంతో మేం రాసింది రుజువైనట్టయింది. మా సున్నాలతో స్వప్న ఆ కోర్సు ఫెయిలైంది.

ఒరిజినల్ క్లిప్పులన్నీ నిఖిల దగ్గర తీసుకుని లాప్‌టాప్‌లో చూశాను. అద్దం కనబడే ప్రతి షాట్‌లోనూ ఆ మనిషి ఉంది. సందీప్ తల తిప్పితే అట్ట కూడా కొంచెం తిరుగుతుంది. మంచు మీది వెలుగే ముఖానికి తగిలిందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ సందీప్ నోట్లోంచి ప్రతి మాటకీ ఆవిరి వస్తోంది. ఆ మనిషి ముఖం దగ్గర ఆవిరి లేదు.

"డిలీట్ చేసెయ్యి అక్కా" అంది నిఖిల. సందీప్ చూడనన్నాడు.

అట్ట సంగతి స్వప్న రూమ్‌మేట్‌ని అడిగాను. శనివారమంతా స్వప్న మంచం దిగలేదంది. అట్ట తెచ్చి చూపించింది. దాని ప్లాస్టిక్ కవర్ కూడా చించలేదు.

మార్కుల మీద అభ్యంతరం చెప్పడానికి పది రోజుల గడువు ఉంటుంది. ఏడో రోజు లాప్‌టాప్ పట్టుకుని సార్ గది దాకా వెళ్ళాను. మెసేజ్ చూపించి, నేను రాసింది అబద్ధమని చెప్పేస్తే చాలు. ఈ వీడియో ఊసే అవసరం లేదు. తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరో నవ్వారు. నన్ను చూసి కాదు. నాకు మాత్రం లైబ్రరీ గుర్తొచ్చింది. వెనక్కి వచ్చేశాను.

తర్వాతి టర్మ్‌లో స్వప్న కారిడార్‌లో ఎదురైంది. అదే కోర్సు మళ్ళీ చదువుతోంది.

"మీరందరు మంచిగనే వేసుంటరు అక్కా. సారే ఎక్కడనో తప్పు కలిపిండు" అంది. "నేనైతే నీకు పదికి పది ఏసిన. అంత చలిల కర్ర పట్టుకున్నవని నిఖిల చెప్పింది."

క్లాసుకి టైమైందని చెప్పి వచ్చేశాను.

ఆ రోజు అట్ట పట్టుకున్నది ఎవరో నాకు తెలియదు. క్లిప్పులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. చాలాసార్లు చూశాను, ఏ సమాధానమూ దొరకలేదు. ఇది రాసేటప్పుడు మిగతా ఇద్దరి పేర్లూ మార్చాను. స్వప్న పేరు మార్చలేదు. చదివితే తనకి తెలియాలి.