నీ కూతురు

ఈ బెంగాలీ ఊళ్ళో, గార్డెన్ రీచ్ పేటలో మా పక్కింటాయనంటే నాకు మొదటినుంచీ గిట్టదు. శ్రీకాకుళం మనిషి, ఓడల డాక్‌లో పని. వాళ్ళ పాపకు వయసుతోపాటు బుద్ధి ఎదగదని డాక్టరు చెప్పినప్పటినుంచి భార్య దగ్గర "నా కూతురు" అనడం మానేశాడు. "నీ కూతురు ఏడుస్తంది సూడు", "నీ కూతురు అన్నం పారబోసింది", ఎప్పుడూ ఇదే వరస. గోడకు ఇవతల వింటూ నేను పళ్ళు కొరుక్కునేదాన్ని.

పాపకు ఏడో ఏట నడక వచ్చింది. గోడ పట్టుకోకుండా వరండా దాటింది. "ఏవండీ, వొచ్చి సూడండి, నడిసేస్తంది" అని తల్లి పిలిచింది. ఆయన పేకముక్కల మీంచి తలెత్తలేదు. "నీ కూతురే గదా, నువ్వే సూసుకో" అన్నాడు.

ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. "నా ప్రార్థన ఆలకించి దేవుడు నా కూతుర్ని నడిపించాడు" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆడవాళ్ళ వరసలోంచి ఆయన భార్య లేచింది. గొంతు పెంచలేదు. "అది నడిసినప్పుడు ఈయన సూడనేదు అయ్యగారూ. పిలిసినా రానేదు" అని పాస్టరుగారికి చెప్పి, పాప చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఇంటికి పోలేదు. టికియాపారా రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న అక్క దగ్గరికి పోయింది.

కొన్నాళ్ళకు నేను ఆమెను చూడ్డానికి వెళ్తే, మధ్యాహ్నం పూట ఆదమరిచి నిద్రపోతోంది. అక్క పాపకు అన్నం తినిపిస్తోంది. అన్నేళ్ళ పొరుగులో ఆమె పగలు పడుకోవడం నేను చూడలేదు. "ఏటొదినా, లేపకపోయావా?" అంటూ లేచి టీ పెట్టింది. ఎన్నో కబుర్లు చెప్పింది, నవ్వింది. ఆయన ఎలా ఉన్నాడని మాత్రం అడగలేదు.