పక్కకు పోయే మాట

మా కార్ఖానా కొత్త మేనేజర్ ఒక చావు కబురును దాచిపెట్టాడు. మగ్గాలన్నీ చూసుకునే మా మాస్టర్ గురువారం పొద్దున ఆసుపత్రిలో పోయారు. మేనేజర్‌కు మధ్యాహ్నానికే తెలుసు. మరమగ్గాలు ఆగిపోతాయని, షిఫ్టు ముగిసేదాకా మా చెవిన పడనివ్వలేదు. గేటు దాటాక వాచ్‌మన్ చెప్పాడు. మేము వెళ్లేసరికి చితి చల్లారుతోంది. పని కోసం మేము వలసొచ్చిన ఈ జోల్వాలో మా షెడ్డును ఇన్నేళ్లు నడిపిన మనిషి కడసారి చూపు మాకు దక్కలేదు. దీన్ని నేను మరవను.

కానీ కోపం ముందు నడిస్తే మాస్టర్‌కు నచ్చదు. అందుకని ఆయన గురించే ముందు చెప్తాను.

గొడవపడ్డానని రెండు కార్ఖానాలు నన్ను వెళ్లగొట్టాక, ఉన్ బస్తీలోని మా గదికి వచ్చి పనికి పిలిచింది ఆయనే. పనిలో చేరాక ఇంకోసారి వచ్చినప్పుడు, నేను గోడకు అతికించిన కార్మిక సంఘం కరపత్రాలన్నీ నిలబడి చదివారు.

“మంచిగనే ఉన్నయ్‌రా. గని గోడకు చెప్తె ఏమొస్తది? నీ జోడీదారుకు చెప్పు.”

జోడీదారు అంటే నా మగ్గం మీదే రాత్రి షిఫ్టు చేసేవాడు. “అతను ఒరియా మనిషి మాస్టర్. తెలుగు రాదు.”

“నీకు ఒరియా వస్తదా?”

“రాదు.”

“ఇగ ఇద్దరు సమానమే. నువ్వు కొట్లాడేది గదానికే గదా.”

ఆయన చెవుల్లో దూది పెట్టుకొని తిరిగేవారు. ఎవరైనా దగ్గరికొస్తే ఒక చెవి దూది తీసేవారు. యజమాని సేఠ్ వచ్చినా తీసేది ఒక చెవిదే.

ఆయన పెట్టిన ఆచారం ఒకటుంది. షిఫ్టు మారేటప్పుడు వెళ్లేవాడు వచ్చేవాడి చెయ్యి పట్టుకొని మగ్గం మీద పెట్టాలి. ఆ మోతలో మాట వినపడదు, వినపడినా భాష కలవదు. ఎక్కడ అదురుతోందో, ఏ పోగు వదులుగా ఉందో అరచేతికే తెలియాలి. తర్వాత ఇద్దరూ కలిసి చాయ్ తాగాలి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఒక పొద్దున నా జోడీదారు నా చేతిని చట్రానికి అదిమి ఎంతకీ వదల్లేదు. వంగి చూస్తే మోటారు పట్టీ సగం చీలి ఉంది. తెగితే నా మొహం మీదికే వచ్చేది.

కొత్త మేనేజర్‌కు ఇది గిట్టలేదు. మమ్మల్నందరినీ నిలబెట్టి బోర్డు మీద డబ్బాలు గీశాడు. పై డబ్బాలో సేఠ్, కింది డబ్బాలో మేము. “మాట కింది నుంచి పైకి రావాలి, పక్కకు పోకూడదు” అన్నాడు హిందీలో. మగ్గంలో లోపముంటే సూపర్‌వైజర్‌కే చెప్పాలట. ఆ వారమే “మనమంతా ఒకే కుటుంబం” అని గోడకు పెద్ద అక్షరాలతో రాయించాడు. నేను సున్నం పూసేస్తానని లేచాను.

“ఉండనియ్ బిడ్డా,” అన్నారు మాస్టర్. “కుటుంబం నాకు ఇంటికాడ ఉన్నది. ఆడ నా మాట ఎవలు వినరు. ఈడ జోడీదారుంటె చాలు.”

తర్వాత సేఠ్ దగ్గరికి ఒక్కరే వెళ్లారు. ఏం మాట్లాడారో చెప్పలేదు. ఆయన ఉన్నంతకాలం మా ఆచారం జోలికి ఎవరూ రాలేదు.

లాభం ఎటు పోతుందో నాకు కరపత్రాలు నేర్పాయి. పక్కన నిలబడ్డవాడు నావాడని నేర్పింది మాస్టర్. ఆ రుణం నేను ఏ జన్మకీ తీర్చలేను.

నిన్న నోటీసు అతికించారు. సోమవారం నుంచి లోపలికి పోయేవాళ్లకు ఒక తలుపు, బయటికి వచ్చేవాళ్లకు ఇంకొకటి. జోడీదారులు ఒకరికొకరు ఎదురుపడకూడదు. మాస్టర్ లేరు కదా అని మేనేజర్ ధీమా.

అందుకే, మగ్గాల మీది మీ అందరికీ ఈ మాట పక్కకు పంపుతున్నాను: సోమవారం పొద్దున ఆరున్నరకు గేటు దగ్గరికి రండి. తెలుగువాళ్లు, ఒరియావాళ్లు, అందరూ. రాత్రి షిఫ్టువాళ్లు మన చేతులు పట్టుకొనేదాకా మగ్గాల దగ్గరే ఉంటామని మాటిచ్చారు. ఏడుకు షిఫ్టు మారేటప్పుడు మనం వాళ్లు బయటికొచ్చే తలుపులోంచే లోపలికి పోదాం. జెండాలు, నినాదాల అట్టలు ఏవీ తేవద్దు. చేతులు ఖాళీగా ఉండాలి.