రాతి రాకెట్టు

మొన్న వికారాబాద్‌లో సరళ ఇంట్లో, ఆమె మనుమరాలు సింధు అట్టపెట్టె మూత తీయగానే కొత్త రంగు వాసన గుప్పుమంది. దాని అడుగున నాకు బాగా తెలిసిన ఇంకో వాసన ఉంది, సానపట్టిన రాతిపిండి లాంటిది. పెట్టెలో మూరెడు పొడుగు అంతరిక్ష నౌక బొమ్మ. ఏదో సినిమాలో చుక్కల మధ్య తిరిగే నౌకట. అచ్చం అలాగే చేసిన ఇలాంటి బొమ్మలను ఏరి దాచుకునేవాళ్లు దేశదేశాల్లో ఉన్నారట. సింధు అద్దాల బీరువాలో లైట్లు పెట్టి నిలబెట్టినవి పదకొండున్నాయి, ఇది పన్నెండోది. ఇది అసలుదా, అసలును చూసి పోతపోసిన నకిలీదా తెలియక, సాయంత్రంలోగా వెనక్కి పంపాలో ఉంచుకోవాలో తేల్చుకోలేక ఆ పిల్ల కళ్లలో నీళ్లు పెట్టుకుంది. అందుకే సరళ నన్ను తాండూరు నుంచి రైలెక్కి రమ్మంది. బండల పాలిష్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు బండ మంచిచెడ్డలు చెప్పినదాన్ని నేను. నాకు సంతకం వరకే వచ్చు, ఇది కూడా నేను చెబుతుంటే మా బిడ్డ రాస్తోంది. కానీ నేను గోటితో కొట్టి, చప్పుడు విని చెప్పిన మాట తప్పదని సరళకు నమ్మకం. ఒక్కసారి తప్పింది. అది ఆమెకు తెలియదు.

మా చిన్నప్పుడు తాండూరులో తెల్లారిందంటే మిషన్ల మోత, ఆ మోతలోనే జొన్నరొట్టెలు తట్టే చప్పుడు. ఎండాకాలం ఆరుబయట నిలబెట్టిన నాపరాళ్లు పెనంలా కాలి మా అరికాళ్లు బొబ్బలెక్కేవి, వానపడితే అవే రాళ్లు తడిసి నీలంగా, నల్లగా, ఎవరూ వేయని రంగులతో మెరిసేవి, చలికాలంలో ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు ఒడిలో పోసుకుని ఆ బండల వరుసల మధ్యనే ఒలుచుకు తినేవాళ్లం. రాతి చిప్పలతో కచ్చకాయలాడి వేళ్లన్నీ ఒరుసుకుపోయేవి. ఉగాదికి అమ్మ చేసిన భక్షాలు కూడా రాతిపిండికి పంటికింద కరకరమనేవి.

మా నాయన నర్సింలు అక్కడి పాలిష్ ఫ్యాక్టరీలోనే ఉలిపని చేసేవాడు. లారీకి ఎక్కించే ముందు ప్రతి బండనూ కొట్టి చూడాలి. మంచి బండ ఖంగున పలుకుతుంది, లోపల పగులుంటే మొద్దుగా చప్పుడు చేస్తుంది. మిషన్ల మోతకు మగవాళ్ల చెవులు దిబ్బళ్లు పడిపోయేవి, నాయనకైతే పక్కన నిలబడి అరిచినా సగమే వినిపించేది, అందుకని కొట్టి చెప్పే పని ఆడపిల్లలది. చప్పుడు మొద్దుగా వచ్చి మేం ‘పలకలే’ అంటే, మంచివాటిలో కలవకుండా ఆ బండను అక్కడికక్కడే సుత్తెతో పగలగొట్టేవాళ్లు. ఒకరు చెప్పాక ఇంకొకరు కొట్టి చూడకూడదు, చూస్తే చెప్పినవాళ్లను అవమానించినట్టే. తొమ్మిదేళ్లకే నాకు ఆ పని పట్టుబడింది. మీసాలున్న మగవాళ్లు సుత్తె పట్టుకుని నా మాట కోసం నిలబడేవాళ్లు.

సరళ ఆ ఫ్యాక్టరీ సేటు కూతురు, నా ఈడుదే. ఆమెకు కాళ్లకు చెప్పులు, జడకు రోజుకో రంగు రిబ్బను, భుజాన బడిసంచీ. అన్నీ చూసి లోపల కుళ్లుకునేదాన్ని గానీ ఓర్చుకునేదాన్ని. ఒకరోజు ఏదో వారపత్రిక అట్ట చింపుకొచ్చి నాయనకు చూపించింది. దానిమీద రెక్కలున్న రాకెట్టు బొమ్మ.

“నర్సింలు కాకా, నాకు గిసొంటిది చేసియ్యవా?”

నాలుగు ఆదివారాలు నాయన దానిమీదే కూర్చున్నాడు. కుప్పలన్నీ వెతికి నీలం బాగా తేలిన రాయి ఏరాడు, రెక్కలు రొట్టెంత పలచగా చెక్కాడు, ఉలి మొనతో చిన్న చిన్న కిటికీలు పెట్టాడు, ఇసుకా నీళ్లూ పోసి రుద్ది రుద్ది, చివరికి కొబ్బరినూనె రాస్తే అది వానలో తడిసినట్టు మెరిసింది. నాకు ఎన్నడూ ఒక గోలీ కూడా చెక్కివ్వని నాయన, ఆ చెప్పులున్న పిల్ల కోసం వేళ్లు పగిలేలా చెక్కాడు. నేను పక్కన కూర్చుని నీళ్లు పోశాను. పోసిన ప్రతి చెంబుకూ నా కడుపు మండింది.

నాలుగో ఆదివారం దాన్ని నా ముందు పెట్టి, “జర కొట్టి చెప్పు బిడ్డా, ఇచ్చొస్త” అన్నాడు.

గోటితో కొట్టాను. గుళ్లో గంటలా పలికింది. అంత మంచి చప్పుడు నేను అప్పటిదాకా ఏ బండలోనూ వినలేదు.

“పలకలే నాయనా” అన్నాను.

పగులుందంటే సేటు కూతురికి ఇవ్వడు, నాకే ఉంచేస్తాడు అనుకున్నాను. బండలకున్న పద్ధతి బొమ్మకు ఉండదనుకున్నాను. నాయన నా ముఖంలోకి చూశాడు. “మంచిగ విన్నవా?” అన్నాడు. విన్నానన్నాను. సుత్తె తీసుకుని ఒక్కటే దెబ్బ వేశాడు. రెండు ముక్కలైంది. విరిగినచోట ఒక్క గీత లేదు, వెన్న కోసినట్టుంది. దానిమీద బొటనవేలు అటూ ఇటూ నడిపి, “మంచి రాయే ఉండె” అన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. మర్నాడు ఎప్పటిలాగే బండల దగ్గరికి పిలిచాడు. నేను పలకలేదన్న బండను నా ముఖం చూడకుండానే పగలగొట్టాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఏ బండ గురించీ నా నోట అబద్ధం రాలేదు.

మొన్న సింధు ఆ నౌకను నా ఒళ్లో పెట్టింది. రాయిలా చల్లగా, బరువుగా ఉంది. సరళ మొగుడు చాయ్ పట్టుకొచ్చి మా ముందు పెట్టాడు. మా ఆయన ఛాతీలో రాతిపిండి చేరి కన్నుమూసి పన్నెండేళ్లు.

“తాండూరు డాక్టరమ్మ వచ్చింది, ఇగ నాడి చూస్తది” అని సరళ నవ్వింది.

రెక్కను కంటికి ఆనించి చివరిదాకా చూశాను, ఎక్కడా వంపు లేదు. వేలు తడిచేసి నౌక పొట్టమీద రాశాను. నకిలీ పోతలో సూదిమొనంత గాలిబుడగలు ఉంటాయని సింధు చెప్పింది. ఇందులో లేవు. పలకల మధ్య గీతలు ఉలితో తీసినట్టు పదునుగా ఉన్నాయి. అడుగున అతుకు దగ్గర మాత్రం వెంట్రుకంత సందు.

అప్పుడే సరళ అంది. “మీ నాయన నాకు గిసొంటిదే చేసిస్తనన్నడు, యాదున్నదా అంతమ్మా? పగులొచ్చిందని ఇయ్యలే. ఎన్ని దినాలు ఏడ్చిన్నో!”

దాచడమెందుకు, ఆ మాటకు నా ప్రాణం హాయిగా చల్లబడింది. ఆమె కూడా ఏడ్చింది కదా అనుకున్నాను. ‘ఇది నకిలీది, పంపించెయ్’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సింధు నా నోరే చూస్తోంది, సుత్తె పట్టుకుని నిలబడ్డ మా నాయనలాగే.

“అసలుదే బిడ్డా. అడుగున జర సందుంది, గంతే. ఉంచుకో.”

పిల్ల ఎగిరి గంతేసింది. నేను ఆ పాత రాకెట్టు సంగతి చెప్పకుండానే సాయంత్రం రైలుకు వచ్చేశాను.

తాండూరులో ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు, ఆ చోట దుకాణాలు లేచాయి. బండను గోటితో కొట్టి చెప్పే ఆడపిల్లలు లేరు, నాయన లేడు. నాకూ ఒక చెవి పోయింది. ఆనాడు ఏరి దాచుకున్న రాకెట్టు ముక్క ఒకటి మాత్రం నా బట్టల పెట్టెలో ఉంది. తీసి గోటితో కొడితే, మిగిలిన ఆ ఒక్క చెవికి ఇంకా ఖంగున వినిపిస్తుంది.

సరళా, నువ్వు చదువుకున్నదానివి. ఇది నీ చేతికి వస్తే చదువుకో. ఆ రాయి పలికింది.