చివరి బెంచీలో లత

మొన్న ఆదివారం చర్చిలో పూజ మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, మైకు మూగబోయింది, కొవ్వొత్తుల మైనం వాసన గుప్పుమంది. నేను బైబిలు పఠనం ఆపకుండా, గొంతు పెంచి చివరి బెంచీ దాకా వినపడేలా చదివాను. బయటికొచ్చాక అందరూ మెచ్చుకుంటుంటే నాకు గుర్తొచ్చింది సిస్టర్ ఫిలొమినా, ఆమె వెంటే ఆ లత. లత లేకుండా సిస్టర్ ఒక్కరే ఎప్పుడూ గుర్తుకు రారు, నా ఖర్మ!

నిజామాబాద్‌లో సిస్టర్ల కాలేజీలో ఇంటర్ చదివేటప్పుడు, సాయంత్రం క్లాసులయ్యాక మా క్యాథలిక్ పిల్లలకు ఆమె సత్యోపదేశం, అంటే మా మతపాఠాలు, చెప్పేవారు. ఉన్నదే కొద్దిమందిమి. ఆ క్లాసు మా సొంతం, సిస్టర్ కూడా మా సొంతం అని నా ధీమా. లతది బోధన్ దగ్గర ఊరు, బీడీలు చుట్టే హిందువుల ఇల్లు. బస్సు వేళ దాకా గేటు దగ్గర ఒక్కతే నిలబడుతోందని సిస్టరే లోపలికి పిలిచి కూర్చోబెట్టారు.

కూర్చున్నది ఊరుకుంటే కదా! ఒకరోజు సిస్టర్ బైబిల్లోని ద్రాక్షతోట కథ చెప్పారు. పొద్దుగూకేవేళ పనికొచ్చినవాడికి కూడా, పొద్దుటినుంచీ కష్టపడ్డవాళ్లతో సమానంగా కూలి ఇచ్చిన యజమాని కథ. అన్యాయమని మేమంతా గొణిగాం.

"మా దిక్కు చెరుకు కొట్టేటోళ్లయితే లొల్లి లొల్లి జేద్దురు సిస్టర్," అంది లత. "గని ఆఖరికి వచ్చినోని ఇంట్ల గూడ పొయ్యి వెలగాలె గద."

"గిది నాకు ఎన్నడు తట్టలే బిడ్డా!" అని సిస్టర్ మురిసిపోయారు.

నాకు కడుపు మండిపోయింది. పుట్టిన నెలకే జ్ఞానస్నానం పొందినదాన్ని, నిద్రలో లేపి అడిగినా జపమాల అప్పజెప్పేదాన్ని. నన్ను చూసి ఒక్కనాడైనా అలా మురిశారా?

ఈస్టర్ పూజలో మొదటి పఠనం నాకిచ్చారు. జ్ఞానస్నానం లేని లతకు ఆ అవకాశమే లేదు. హమ్మయ్య అనుకున్నాను. కానీ ముందుగా చర్చిలో నాతో చదివించి సాధన చేయించేటప్పుడు సిస్టర్ ఆమెను తీసుకెళ్లి చివరి బెంచీలో కూర్చోబెట్టారు. "వినవడకుంటే చెయ్యి లేపు బిడ్డా."

చెయ్యి లేస్తూనే ఉంది. ఒకటో వాక్యానికి, మూడో వాక్యానికి, మళ్లీ మళ్లీ. కావాలనే లేపుతోందని నేను పళ్లు కొరికాను.

"నువ్వు నా మొఖం జూసి నాకోసమే సదువుతున్నవ్ రోజా," అన్నారు సిస్టర్. "గా పిల్లకు సదువు."

ఈస్టర్ నాడు లత బస్సెక్కి వచ్చి మరీ అదే బెంచీలో కూర్చుంది. పూజ అయ్యాక సిస్టర్ నన్ను దాటుకుని ఆమె దగ్గరికే పోయారు. "వినవడ్డదా?"

"మొత్తం వినవడ్డది సిస్టర్."

అప్పుడు సిస్టర్ నవ్విన నవ్వు కూడా లతకే దక్కింది.

పోయినేడు సిస్టర్ కాలం చేశారు. అంత్యక్రియల పూజలో పఠనం నన్నే చదవమన్నారు. చివరి బెంచీలో, నుదుట ఇంత బొట్టుతో లత. అందరికంటే బిగ్గరగా ఏడుస్తోంది. ఏడుపులోనూ ఆమెదే పైచేయి! నేను శవపేటికనే చూస్తూ మొదలుపెట్టాను. రెండో వాక్యానికి నా మాట నాకే వినపడలేదు. తలెత్తితే, లత ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ రెండో చెయ్యి లేపింది.

పేటిక మీంచి చూపు తిప్పి, ఆమెకు చదివాను. చెయ్యి దిగేదాకా గొంతు పెంచాను.

సిస్టర్ నాకు పఠనం ఇచ్చారు, వినే పని లతకిచ్చారు. ఆ పని నాకెందుకు ఇవ్వలేదని ఇప్పటికీ కుళ్లుగానే ఉంది. అయినా ఎక్కడ చదవడానికి నిలబడ్డా, ముందు చివరి బెంచీ వైపే చూస్తాను.