మద్దిలేటన్న ఊరికే టీ తాగుతూ కూర్చోలేదు

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతుంటే ఎమ్మిగనూరు నుంచి ఫోన్. "మద్దిలేటన్న లేడప్పా. గుండెపోటు."

ఏ మద్దిలేటి అని అడిగాను. తెలిసే అడిగాను. ఇంకెవరైనా అయితే బాగుండని.

మన ఆదోని బైక్ గ్రూప్‌లో అందరికీ ఆయన తెలుసు. ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు పక్కన బైకులు బాగుచేసే రేకుల షెడ్డు. చెయ్యి మంచిది, నోరు మహా దురుసు.

మీరంతా ఆయన్ని "టీ మెకానిక్" అంటారు కదా. ఆ పేరు పెట్టింది నేనే. ఎంత తప్పుగా పెట్టానో ఈరోజు చెప్తాను. వినే ఓపిక లేనోళ్లు స్క్రోల్ చేసుకోండి.

లడఖ్ పోయి వచ్చాక బండికి వాటర్ సర్వీసింగ్ చేయించి, పాలిష్ కొట్టించి ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. మరుసటి రోజే భార్యనూ పాపనూ ఎక్కించుకుని మంత్రాలయం పోవాలని నా ప్లాన్. పైపైన చూసి ఓకే అంటాడనుకున్నాను.

చూడగానే మండిపడ్డాడు.

"ఎవురు కడగమన్నారప్పా నిన్ను? అంత దూరం తిరిగొచ్చిన బండిని దుమ్ముతోనే తేవల్ల. యాడ ఆయిల్ కారింది, యాడ పగిలింది, ఆ దుమ్ములోనే కనపడ్తాది. అంతా కడిగేసి నన్నేం సూడమంటావ్?"

ఒక రౌండ్ నడిపి వచ్చి, "ఎనక యాడనో తేడా ఉంది" అని తాళం జేబులో వేసుకున్నాడు.

రెండు రోజులు తిరిగాను. రెండు రోజులూ స్పానర్ పట్టలేదు. తడిగుడ్డతో బండి కింద తుడవడం, స్టూల్ మీద కూర్చుని టీ తాగుతూ దాన్నే చూడడం. అంతే.

నాకు ఒళ్లు మండింది. ఫోటో తీసి పోస్ట్ పెట్టాను. "పని రాని టీ మెకానిక్."

ఎంత నవ్వారో మీరంతా. నేనూ నవ్వాను.

మూడో రోజు పిలిచాడు. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ అడుగున వేలు పెట్టి చూపించాడు. వెంట్రుకంత ఎర్రటి గీత. పగులులోంచి ఊరిన తుప్పు.

నేను కడిగి పోగొట్టిన గీత మళ్లీ బయటికి రావాలని తడి చేసి, ఆరబెట్టి, రెండు రోజులు కాచుకున్నాడు ఆ మనిషి.

"పగిలింది సూడు. పెండ్లాన్ని, బిడ్డను ఎక్కిచ్చుకోని దీని మీద పోతాంటివే."



పోస్ట్ తీసేసి, అందరి ముందూ సారీ చెప్తానన్నాను. "ఉండనీలేప్పా. కడిగి తెచ్చేటోళ్లు ఈడికి రాకుంటే నాకే మేలు" అన్నాడు.

ఆయన వద్దన్నాడని కాదు, నాకు అదే సుఖంగా ఉందని ఊరుకున్నాను. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నా.

నిన్న వాళ్లింటికి పోయాను. వదినె ఏడుస్తూ నన్నే అడిగింది.

"మీ ఆదోనోళ్లెవురో బయట టీ మెకానిక్ అంటాండారు. ఆయప్ప పని సేయకుండ కూసునేటోడా? నువ్వే సెప్పప్పా."

తల దించుకుని బయటికి వచ్చేశాను.

అందుకే ఈ పోస్ట్. ఈ సాయంత్రం మళ్లీ ఎమ్మిగనూరు పోయి వదినెకు ఇది చదివి వినిపిస్తాను. పేరు పెట్టింది నేనేనని ఆమె ముఖం చూసి చెప్తాను. తిడితే పడతాను. కొట్టినా పడతాను.

ఇకమీదట ఆ పేరు పలికేవాళ్లు ఎవరైనా సరే, ఆదోనిలో మా బట్టల షాపుకు రండి. ఆ పగిలిన స్వింగ్ ఆర్మ్ గోడకు వేలాడుతోంది. దాన్ని చూసి, దమ్ముంటే అప్పుడు నవ్వండి.

మద్దిలేటన్నా, నిన్ను తొందరపెట్టినోళ్లలో నేనే మొదటివాణ్ణి. ఇంక నిమ్మళంగా పడుకో. నీ పేరు నేను చూసుకుంటా.