మైకులో పిలుపు, మా వదిన చాప

నా పేరు నాంచారమ్మ. డెబ్బై దాటాయి. జగ్గయ్యపేటలో బస్టాండు వెనక వీధిలో మా అబ్బాయి, కోడలితో ఉంటున్నాను. మొన్నటిదాకా ఆ ఇంట్లో నాలుగో మనిషి మా వదిన, అంటే మా ఆయనకు అక్క. పోయిన శనివారం పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకెళ్ళి లేపితే లేవలేదు. గ్లాసు వేడిగా ఉంది, చెయ్యి చల్లగా ఉంది. కోడల్ని కేకేశాను. అంతకు మించి నా చేతిలో ఏమీ లేకపోయింది.

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే ఎదురింటి టీచరమ్మ రాస్తోంది. మాటలు కాస్త సర్దుతానంటే సర్దమన్నాను. కోపం మాత్రం సర్దొద్దన్నాను. ఇది ఏడుపు కాగితం అనుకుని చదివితే చదవండి, అర్జీ అనుకున్నా సరే. మా వదిన ఎలాంటి మనిషో తెలిస్తే తప్ప నా అర్జీ ఏమిటో తెలియదు.

వదిన చిన్న వయసులోనే భర్త పోయి వత్సవాయి నుంచి పుట్టింటికి తిరిగొచ్చింది. నేను కాపురానికి వచ్చేసరికే ఈ ఇంట్లో ఉంది. మొదట్లో మా ఇద్దరికీ పడేది కాదు. ఆడబిడ్డంటే ఆడబిడ్డే కదా. కానీ ఒక్కటి మాత్రం చూసేదాన్ని. పేరంటానికి పిలిచేవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మంలోకి రాగానే ఆమె వెనక గదిలోకి వెళ్ళిపోయేది. ఎవరూ వెళ్ళమనలేదు. ఎవరూ ఉండమనీ అనలేదు. నాకు బొట్టు పెట్టి వాళ్ళు వెళ్ళాక బయటికొచ్చి, ఎవరింట్లోనే అని అడిగేది. నేను తిరిగొచ్చి కొంగులో శనగలు ఆమె చేతిలో పోస్తే, అవి నములుతూ అక్కడ ఎవరు ఏ పాట పాడారో చెప్పించుకునేది. నాకు పాట గుర్తుండేది కాదు. చీరల సంగతి చెబితే విసుక్కునేది.

మా ఆయన పోయాక ఆ వెనక గదే నాకూ మిగిలింది. భరిణెలు మా గుమ్మం ఎక్కడం మానేశాయి. నేను నోరున్న దాన్ని, వీధి వీధంతా భయపడే దాన్ని. ఆ నోరు కూడా పడిపోయింది. ఏడాది తిరిగినా గడప దాటలేదు. అప్పుడొక సాయంత్రం మైకు కట్టిన రిక్షా వీధిలోకి వచ్చింది. ఎక్కడో పందిట్లో హరికథ ఉందని, ఇదే మా ఆహ్వానంగా భావించి అందరూ తరలిరావలసిందని చెప్పుకుంటూ పోయింది. వదిన పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“విన్నావా? మనల్నే.”

“మనల్నేంటి వదినా, ఊరందర్నీ.”

“అందర్లో మనం లేమా? లే. మైకులో పిలిస్తే ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచినట్టే.”

అలా మొదలయింది. ఆ తర్వాత పేటలో గానీ నందిగామలో గానీ టికెట్టు లేని ఆట, పాట, కథ మేం వదిలిపెట్టింది తక్కువ. హరికథలు, బుర్రకథలు, పద్యనాటకాలు, కోలాటాలు, తిరునాళ్ళ ప్రభల మీద డాన్సులు, ఎడ్ల చేత బండలు లాగించే పందేలు. సర్కారు సినిమా వాను వస్తే దానికీ వెళ్ళాం. ఆ వానులో ఒకసారి పత్తికి పట్టే పురుగు గురించి చూపించారు. ఇంకోసారి కుటుంబ నియంత్రణ. ఇద్దరు విధవలం ముందు వరసలో కూర్చుని కడదాకా చూస్తుంటే వెనక కుర్రాళ్ళు ఒకటే నవ్వు. వదిన వెనక్కి తిరిగి, “మాకు అయిపోయింది గానీ మీరు సరిగా చూడండ్రా,” అంది.

ఎక్కడ ఏముందో ఆమెకు తెలిసే పద్ధతి వేరు. చదువు నాకెంతో ఆమెకూ అంతే. గోడ మీద కాగితం చూసేది. చేతిలో చిడతలున్న మనిషి బొమ్మ ఉంటే హరికథ, కిరీటముంటే నాటకం, వట్టి మొహాలే వరసగా ఉంటే మీటింగు. మీటింగైనా వదిలేది కాదు, ముందు పాటలు పాడతారుగా అనేది. ఉపన్యాసాలు మొదలవగానే చాప చుట్టేది. టెంటుహౌసు వాళ్ళ బండి షామియానా గుడ్డ, కర్రలు వేసుకుని ఏ సందు తిరిగిందో గుమ్మంలో నిలబడి కనిపెట్టేది. నందిగామ సంగతులకు బస్సు కండక్టర్లు ఉండేవాళ్ళు. బస్టాండుకెళ్ళి, నందిగామలో పందిళ్ళేమన్నా లేచాయా బాబూ అని అడిగేది. కర్రలు పాతుతున్నారు మామ్మా, రేపు రా అని వాళ్ళే చెప్పేవాళ్ళు. ఒక కండక్టరయితే మమ్మల్ని చూడగానే అడక్కుండానే చెయ్యి అడ్డంగా ఊపేవాడు, ఇవాళేం లేదని.

మా చాప గురించి చెప్పాలి. అది తుంగచాప. మధ్యాహ్నం అన్నాలయ్యాక వెళ్ళి స్టేజీ ముందు పరిచి వచ్చేవాళ్ళం. అప్పటికింకా అక్కడ కర్రలు, తాళ్ళు తప్ప ఏమీ ఉండేవి కాదు. పొద్దువాలాక తీరిగ్గా వెళితే మా చోటు మాకుండేది. వేసిన చాపను ఎవరూ కదిపేవాళ్ళు కాదు. ఎంత మోతుబరి పెళ్ళామైనా చాప అంచు తొక్కకుండా చుట్టూ తిరిగి పోవాల్సిందే. అందరి చాపలూ ఒక్కలాగే ఉంటాయని, నేనిక వేసుకోని ఎర్ర రవిక ఒకటి చింపి ముక్క తీసి మూలన కుట్టింది. మాకు అక్షరం రాదు గనక అదే మా పేరు. చీకట్లో కూడా ఆ మూల తడిమి మనదే అనేది.

కేబుల్ టీవీ వచ్చాక మా కోడలు, ఇంట్లో అన్నీ వస్తుంటే ఈ ఎండలో చాప మోసుకుపోవడం ఏంటత్తయ్యా అని గొడవ. కోడలు చెడ్డది కాదు, మా కాళ్ళ నొప్పులు చూడలేక అనేది. దానికి వదిన చెప్పిన జవాబు నాకిప్పటికీ చెవిలో ఉంది. “టీవీలో వాడు మనల్ని చూడడమ్మా. అక్కడ హరికథ దాసుగారు కథ చెబుతా చెబుతా నా మొహం చూసి నవ్వాడు. నువ్వు పెట్టిన ఆ పెట్టె నవ్వుద్దా?”

ఒకసారి మాత్రం పొరపాటు పడ్డాం. నందిగామలో బస్సు దిగి నడుస్తుంటే ఒక వీధిలో పెద్ద షామియానా, కుర్చీలు, మైకు, ఒక పక్కన హార్మోనియం కనిపించాయి. కండక్టరు చెప్పింది ఇదే అనుకుని ముందుకెళ్ళి చాప వేసి కూర్చున్నాం. స్టేజీ మీద దండ వేసిన ఫోటో ఉంది. ఎవరో దేశనాయకురాలు కాబోలు అంది వదిన. హార్మోనియం మీద భజన ఎత్తుకున్నారు, బాగుంది. ఆ తర్వాత ఒకాయన మైకు పట్టుకుని మా అమ్మ అని మొదలుపెట్టి ఏడుపు ఆపుకోలేక కూలబడిపోయాడు. అప్పుడు తెలిసింది, అది ఆ ఇంటావిడ పెద్దకర్మ అని. నాకు భూమిలోకి దిగిపోయినట్టయింది. లేద్దామని వదిన మోకాలు గిల్లాను. ఆమె లేవలేదు. చనిపోయినావిడ కూతురు మా దగ్గరికొచ్చి వంగి, మీరు అమ్మకేమవుతారండీ అని అడిగింది.

వదిన అబద్ధమాడలేదు. “ఏమీ కామమ్మా. పందిరి చూసి పాటలనుకుని వచ్చాం.”

ఆ పిల్ల కోప్పడుతుందనుకున్నా. మా వదిన రెండు చేతులూ పట్టుకుని, “కూర్చోండి పెద్దమ్మా, లేవొద్దు,” అంది. మేం కడదాకా కూర్చున్నాం. ఆమె ఎవరో తెలియకుండానే ఏడ్చాం కూడా. తిరుగు బస్సులో కంచికచర్ల పచ్చిమిరపకాయల బస్తాల పక్కన ఇరుక్కుని కూర్చుని వదిన అంది, “బాగా జరిగిందే. మొహం తెలియనోళ్ళు కూడా వచ్చి కూర్చుంటే అప్పుడది ఊరి చావు. లేకపోతే ఇంటి చావే.”

ఇంతవరకూ సంతోషమే. ఇక మిగిలింది చెప్పడానికి నా నోరు చాలదు, కానీ చెప్పాలి.

పోయినేడు దసరాల్లో మైకు ఆటో మా వీధికి వచ్చింది. నాటకం ఉందని, మునుపటిలాగే అందరూ తరలిరండి అంది. వదినకు అప్పటికే ఒక మోకాలు వంగడం లేదు. అయినా మధ్యాహ్నం మెల్లగా నడిచి వెళ్ళి చాప వేసి వచ్చాం. సాయంత్రం వెళ్ళేసరికి స్టేజీ ముందు ప్లాస్టిక్ కుర్చీలు వరసలు కట్టి ఉన్నాయి, చుట్టూ తాడు. మాలాంటి వాళ్ళ చాపలన్నీ తీసి ప్రహరీగోడ దగ్గర కుప్ప పోశారు, ఎంగిలాకులు పోసినట్టు. తాడు దగ్గర బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రవాడు నిలబడి ఉన్నాడు.

“పాస్ ఉందా మామ్మా?”

“మైకులో పిలిచారు బాబూ,” అంది వదిన.

“పిలిచాం మామ్మా. ఉచితమే. కానీ పాస్ ఉండాలి.”

“అదెక్కడిస్తారు?”

“కమిటీవాళ్ళు ఇళ్ళకెళ్ళి ఇచ్చారుగా. మీకివ్వలేదా?”

వదిన తాడు దగ్గర నుంచి పక్కకు జరిగింది. నేను మాట్లాడాను. నా నోరు సంగతి పేటలో తెలిసిందే. తాడు పట్టుకుని ఊపేశాను. నీ అమ్మమ్మకు పాస్ ఉందా అన్నాను. చాప కదిపిన చెయ్యి ఎవరిదో రమ్మన్నాను. ఆ కుర్రవాడు తిట్టలేదు, తొయ్యలేదు. తిడితే బాగుండును. నామీద పడకమ్మా, నేను చెప్పింది చేసేవాణ్ణి అని తల దించుకున్నాడు. లోపల కుర్చీల్లో మా వీధివాళ్ళే ఉన్నారు. పేరంటాలకు ఒకప్పుడు నాకు బొట్టు పెట్టి పిలిచినవాళ్ళే. అందరూ స్టేజీ వైపు చూస్తున్నారు, తెర ఇంకా లేవనే లేదు.

వెనక్కి తిరిగి చూస్తే వదిన గోడ దగ్గర వంగి కుప్పలో ఒక్కొక్క చాప మూలా తడుముతోంది. ఎర్రగుడ్డ దొరికేదాకా నేను పక్కన నిలబడ్డాను, అంతే. బయట కల్వర్టు మీద కాసేపు కూర్చున్నాం. మైకులు లోపలి వైపు తిరిగి ఉన్నాయి. మాకు తబలా మాత్రం వినిపించింది, మాట వినిపించలేదు. పోదాం పద అని ఆమే లేచింది.

ఆ తర్వాత ఆమె బయటికి రాలేదు. మోకాలని అందరూ అనుకున్నారు. సంక్రాంతి నెలలో మళ్ళీ మైకు ఆటో వచ్చింది. నేనే పరుగున వెళ్ళి, విన్నావా వదినా, మనల్నే అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

“మనల్ని కాదులే.”

బస్టాండుకెళ్ళి కండక్టర్లను అడిగి నందిగామ కబుర్లు మోసుకొచ్చి మంచం పక్కన చెప్పాను. ఊఁ అనేది. ఎవరు పాడతారని అడిగేది కాదు. కమిటీవాళ్ళ దగ్గరికి కర్ర పొడుచుకుంటూ వెళ్ళాను. కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు, చూద్దాం మామ్మా అన్నారు. మళ్ళీ వెళితే మళ్ళీ మంచినీళ్ళు. తిట్టేవాణ్ణి నేను తిట్టగలను. మంచినీళ్ళిచ్చేవాణ్ణి ఏం చెయ్యను?

శనివారం ఆమెను మంచం మీద నుంచి దించి ఆ చాప మీదే పడుకోబెట్టాం. చాపతోనే పంపించాం. అలా వెళ్ళిన చాపను మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకోకూడదు. వద్దనుకున్నా నా చెయ్యి ఆ మూల తడిమింది. గుడ్డ ఎరుపు పోయింది గానీ కుట్టు ఊడలేదు.

కమిటీవాళ్ళకు నా అర్జీ చిన్నది. కుర్చీలు వేసుకోండి, పాసులిచ్చుకోండి. కానీ కుర్చీలకు ముందు, స్టేజీ కింద, చాపలకు కాస్త నేల వదలండి. అక్కడికి పాస్ అడక్కండి. అది మీ వల్ల కాదంటే, మైకులో అందరూ అన్న మాట తీసెయ్యండి. పాసున్నవాళ్ళు రండి అని చెప్పించండి. మాబోటివాళ్ళం మా పనుల్లో మేం ఉంటాం, మధ్యాహ్నం పూట వచ్చి నేల చూసుకోం.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. ఆమె పోయిన పూటే మా అబ్బాయి కబురు పెడితే టెంటుహౌసు బండి వచ్చింది. షామియానా గుడ్డ, కర్రలు, కుర్చీలు. ఇన్నేళ్ళూ ఆ బండి ఏ సందు తిరుగుతుందా అని చూసిన మనిషి లోపల పడుకుని ఉండగా, అది మా సందులోకి తిరిగింది. గుంజలు పాతి గుడ్డ లాగి కట్టారు. ఆమెను పంపించి వచ్చాక కూడా పందిరి విప్పలేదు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నాను. రోడ్డు అవతలి నుంచి ఒక ముసలావిడ వచ్చింది. నేనెప్పుడూ చూడలేదు. చంకలో చాప. పందిరి కింద ఆగి అటూ ఇటూ చూసి, “ఇవాళ ఏముందమ్మా ఇక్కడ?” అని నన్నడిగింది.

మా కోడలు గబగబా లేచింది, చెప్పి పంపించేద్దామని. నేను దాని కొంగు పట్టుకుని ఆపాను. “ఇక్కడ మా వదిన పోయిందమ్మా,” అన్నాను. ఆవిడ బిత్తరపోయి వెనక్కి తిరగబోయింది. “లేదు, కూర్చో,” అన్నాను.

ఆవిడ నన్ను చూసింది, ఖాళీ కుర్చీలను చూసింది. వాటిని దాటి ముందుకొచ్చి, గుమ్మానికి ఎదురుగా, దీపం పెట్టిన చోటికి దగ్గరగా చాప పరుచుకుని కూర్చుంది.

ఇదంతా నేను నోటితో చెప్పింది. టీచరమ్మ మళ్ళీ చదివితే విన్నాను. కోపం ఎక్కడా సర్దలేదు. ఇది నాదే అనడానికి కింద బొటనవేలు వేస్తున్నాను.

నాంచారమ్మ, వేలిముద్ర.

చూసినవాళ్ళు: సరళ, రాసిన టీచరు, సంతకం.
బుల్లెమ్మ, ఆ సాయంత్రం చాప వేసి కూర్చున్నావిడ, వేలిముద్ర.